మంచు దేశంలో ఇల్లు ఎక్కడ వెతకాలి?

కొల్లేటి గాలి వీచే పుష్యమాసపు తెల్లవారుజామున పెదపాడులో ఫజ్ర్ నమాజుకు బయలుదేరే పెద్దలు తలకు మఫ్లరు చుట్టుకొని, చేతులు చంకల్లో దాచుకొని నడుస్తారు. మనం ఎరిగిన చలి అంతే. నేడు మన ఇళ్ల పిల్లలు కొందరు సంవత్సరంలో ఐదు నెలలు నేల కనిపించని దేశాలకు కుటుంబాలతో తరలిపోతున్నారు. వెళ్లాలా, వద్దా అన్నది ఈ వ్యాసం విషయం కాదు. వెళ్లడం నిశ్చయమైన తరువాత, ఆ మంచు దేశంలో ఏ ఊరు, ఆ ఊరిలో ఏ వీధి అన్న ప్రశ్న గురించే ఈ నాలుగు మాటలు.

ముందుగా నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం నా వద్ద చదువుకొన్న ఒక యువకుడు కెనడా వెళుతూ సలహా అడిగాడు. “అద్దె తక్కువ ఉన్న చోట దిగు బేటా, నాలుగు రాళ్లు మిగులుతాయి. మిగతాది అల్లాహ్ చూసుకొంటాడు” అన్నాను. అతడు నా మాట పాటించి నగర శివారులో ఇల్లు తీసుకొన్నాడు. అక్కడి నుండి మసీదుకు రెండు బస్సులు మారాలి. నవంబరులో మంచు మొదలైంది. మొదట ఫజ్ర్ జమాఅత్ పోయింది, తరువాత ఇషా పోయింది, జనవరి నాటికి జుమా కూడా అప్పుడప్పుడే అయింది. పగలంతా అతడు పనిలో. ఇంట్లో భార్య, పసిబిడ్డ, నాలుగు గోడలు. మాట్లాడితే ఏడుపు వస్తుందని ఆ అమ్మాయి తల్లికి ఫోను చేయడమే తగ్గించింది. ఆ తల్లి మా ఇంటికి వచ్చి నా భార్యతో ఈ సంగతి చెప్పుకొన్న రోజున నాకు సిగ్గు వేసింది. ఒంటెను కట్టివేసి, ఆ పైన అల్లాహ్‌పై భారం వేయాలన్న దైవప్రవక్త (స) బోధను ఏటా పిల్లలకు పాఠంగా చెప్పే నేను, ఆ యువకుడికి ఒంటెను కట్టమని చెప్పలేదు.

కాబట్టి గడచిన సంవత్సరం మరొక శిష్యుడు ఫోను చేసి, “హజ్రత్, పీఆర్ వచ్చింది. టొరంటో, విన్నిపెగ్, ఎడ్మంటన్ మూడు చోట్లా అవకాశం ఉంది. ఎక్కడికి వెళ్లమంటారు?” అని అడిగినప్పుడు వెంటనే జవాబు చెప్పలేదు. పది రోజుల గడువు అడిగాను. ఆ పది రోజులలో తెలిసినవారిని విచారించి, గ్రంథాలు తిరగవేసి కూర్చుకొన్న విషయాలే ఇవి.

స్థలాన్ని ఎంచుకోవడం కూడా సున్నతే

మక్కాలో విశ్వాసుల జీవితం దుర్భరమైనప్పుడు ప్రవక్త (స) వారిని ఎటైనా వెళ్లిపొమ్మని అనలేదు. అబిసీనియాకు వెళ్లమని సూచించారు. అక్కడి రాజు నీడలో ఎవరికీ అన్యాయం జరగదన్నది ఆ ఎంపికకు కారణం. అంటే దూరం, భాష, వాతావరణం కంటే ముందుగా, ‘మన ధర్మంతో, మన పరువుతో అక్కడ బ్రతకగలమా?’ అన్న విచారణ జరిగింది. ఇస్తిఖారా నమాజు, అనుభవజ్ఞులతో సంప్రదింపు రెండూ ఈ విచారణలో భాగాలే. ఇస్తిఖారా చేసి విచారణ మానుకోవడం సగం పని. విచారణ చేసి ఇస్తిఖారా మరచిపోవడం మిగిలిన సగం.

ముస్లిములకు మంచు కొత్త కాదు

ఇస్లాం ఎడారి దేశపు ధర్మమనీ, మంచులో దానిని పాటించడం కష్టమనీ కొందరు యువకులు భావిస్తారు. చరిత్ర అలా చెప్పడం లేదు. వెయ్యేళ్లకు పూర్వం వోల్గా నదీతీరాన బుల్గార్ రాజు ఇస్లాం స్వీకరించి, ధర్మబోధకులను పంపమని బగ్దాదు ఖలీఫాను కోరాడు. ఆ రాయబార బృందంలో 921లో బయలుదేరిన ఇబ్న్ ఫద్లాన్ మరుసటి సంవత్సరం అక్కడికి చేరాడు. దారిలో ఖ్వారిజ్మ్ చలికి స్నానపు గది నుండి ఇంటికి వచ్చేలోపు తన గడ్డం గడ్డకట్టిందని వ్రాశాడు. బుల్గార్‌లో వేసవి రాత్రులు ఎంత పొట్టివంటే, మగ్రిబ్‌తోనే ఇషా కూడా చదువుతున్నామని అక్కడి ముఅజ్జిన్ అతనితో అన్నాడు.

ఆ బుల్గార్ సమస్య తరువాత హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలలో ప్రసిద్ధ చర్చ అయింది. పడమటి ఎర్రదనం, తెల్లదనం పూర్తిగా పోకముందే తెల్లవారిపోతే ఇషా విధి అవుతుందా? తప్పక విధి అవుతుందని కజాన్ నగర పండితుడు షిహాబుద్దీన్ మర్జానీ (1818–1889) ఒక గ్రంథమే రచించారు. దజ్జాల్ కాలంలో ఒక రోజు ఒక సంవత్సరమంత ఉంటుందని ప్రవక్త (స) తెలిపినప్పుడు, ఒక్క రోజు నమాజులే సరిపోతాయా అని సహాబీలు అడిగారు. సరిపోవు, వేళలను అంచనా కట్టుకోవాలని వారు (స) సెలవిచ్చారు. ఉత్తర దేశాల నమాజు వేళల చర్చకు ఆ హదీసే ఆధారం.

మూడు నగరాల సూర్యుడు

ఏలూరులో అతి పొట్టి పగలు కూడా 11 గంటలకు తగ్గదు, అతి పొడవైన పగలు సుమారు 13 గంటలు. టొరంటోలో డిసెంబరు పగలు సుమారు 9 గంటలు, విన్నిపెగ్‌లో 8, ఎడ్మంటన్‌లో ఏడున్నర. జూన్‌లో ఎడ్మంటన్ పగలు 17 గంటలు. సూర్యుడు రాత్రి 10 గంటలు దాటాక గాని అస్తమించడు.

శీతాకాలంలో విన్నిపెగ్‌లో జుహ్ర్ వేళ 12.30 ప్రాంతంలో మొదలైతే 4.30కే మగ్రిబ్ అవుతుంది. నాలుగు గంటల వ్యవధిలో మూడు నమాజుల వేళలు; మూడూ పనిచేసే చోటనే! హనఫీ మార్గంలో హజ్‌లో అరఫాత్, ముజ్దలిఫాల వద్ద తప్ప రెండు నమాజులను కలిపి ఒకే వేళలో చదివే వీలు లేదు. కాబట్టి ఉద్యోగంలో చేరేటప్పుడే పది నిమిషాల విరామం, శుభ్రమైన ఒక మూల అడిగి ఉంచుకోవాలి. చేరిన తరువాత అడగడం కంటే చేరకముందు అడగడం సులువు.

వేసవిలో చిక్కు వేరు. టొరంటోలో ఇషా గుర్తులు సంవత్సరమంతా కనిపిస్తాయి. విన్నిపెగ్‌లో జూన్ నెలంతా, ఎడ్మంటన్‌లో మే మధ్య నుండి జూలై చివరి వరకు, సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీలు దిగువకు పోడు. అంటే పూర్తి చీకటి పడదు. అక్కడి మసీదులు పండితులను సంప్రదించి వేళాపట్టికలు వేసుకొన్నాయి. ఒకే నగరంలో రెండు మసీదుల పట్టికలు వేరుగా ఉండవచ్చు. మీరు ఏ జమాఅత్‌తో ఉంటారో దాని పట్టికనే పాటించండి. ఫోనులోని యాప్‌తో ఇమాముతో వాదించకండి.

ఉపవాసాల విషయంలో అల్లాహ్ కరుణను గమనించండి. రమజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరొకసారి రమజాన్ మొదలవుతుంది. అప్పుడు మంచు దేశాల వారి ఉపవాసం మన ఉపవాసం కంటే చిన్నది. నేడు ఉయ్యాలలో ఉన్న బిడ్డలు యౌవనంలో జూన్ రమజాన్‌ను చూస్తారు. సుమారు 33 ఏళ్లలో లెక్క సరిపోతుంది.

చలిలో వుజూ

సల్లటి నీరు బాధించే వేళ కూడా వుజూను సంపూర్ణంగా చేయడం పాపాలను తుడిచివేస్తుందని హదీసు తెలుపుతున్నది. దానితో పాటు షరీఅత్ సౌలభ్యం కూడా ఇచ్చింది. పూర్తి వుజూతో తోలు మేజోళ్లు తొడుగుకొన్నవారు, స్థిరనివాసి అయితే ఒక పగలు ఒక రాత్రి, ప్రయాణికుడైతే మూడు పగళ్లు మూడు రాత్రులు, కాళ్లు కడుగకుండా వాటిపై మస్హ్ చేయవచ్చు. తొడిగిన తరువాత మొదటిసారి వుజూ భంగమైన క్షణం నుండి గడువు లెక్క. మామూలు పలుచని నూలు మేజోళ్లకు ఈ సౌలభ్యం వర్తించదు. ఇక్కడి నుండే రెండు జతల తోలు మేజోళ్లు తీసుకువెళ్లడం మేలు.

హిజ్రీ 8లో జాతుస్సలాసిల్ దండయాత్రలో అమ్ర్ బిన్ ఆస్ (రజి) ప్రాణాంతకమైన చలి రాత్రిన గుస్ల్‌కు బదులు తయమ్ముమ్ చేశారు. విని ప్రవక్త (స) చిరునవ్వు నవ్వారు, మందలించలేదు. అయితే కుళాయి తిప్పితే వేడి నీరు వచ్చే ఇంట్లో ఈ మినహాయింపు లేదని గుర్తుంచుకోవాలి.

జనవరిలో మసీదు ఎంత దూరం?

అసలు ప్రశ్న ఇదే. మే నెలలో ఇల్లు చూస్తే 3 కిలోమీటర్లు దూరమే కాదు. మైనస్ 20 డిగ్రీలలో, జారే మంచుపై, పసిబిడ్డతో అదే 3 కిలోమీటర్లు ఒక ప్రయాణం. విన్నిపెగ్ జనవరి రాత్రులకు మైనస్ 20 మామూలే. ఎడ్మంటన్‌లోనూ మైనస్ 30ని తాకే రోజులు వస్తాయి. అక్కడ రాత్రంతా నిలిపి ఉంచే కారు ఇంజనుకు కరెంటు తీగ తగిలించి వేడి నిలుపుతారు. లేకుంటే తెల్లవారి అది కదలదు. టొరంటోలో సరస్సు పక్కన చలి కొంత మృదువు. కాని అద్దెలు ఎక్కువ కనుక కొత్తగా వచ్చినవారు దూరాన దిగవలసి వస్తుంది.

ఈ దూరం భారం ఎక్కువగా పడేది స్త్రీలపైనే. ఎడ్మంటన్ చరిత్రే ఇందుకు నిదర్శనం. లెబనాన్ నుండి వచ్చిన హిల్వీ హమ్దాన్ అనే సోదరి, ఆమె భర్త మొదట ఉత్తరాన ఫోర్ట్ చిపెవయాన్ అనే మారుమూల స్థావరంలో ఉండేవారు. పిల్లల చదువు కోసం ఎడ్మంటన్ చేరారు. ఆమె తోటి స్త్రీలతో కలసి నగర మేయరును కలిసి మసీదుకు స్థలం అడిగింది. అంగడి వీధిలో తిరిగి ముస్లిములు, క్రైస్తవులు, యూదులు అందరి వద్దా చందా కూడగట్టింది. 1938 డిసెంబరులో ప్రారంభమైన ఆ అల్ రషీద్ మసీదు కెనడాలో మొదటిది. ఖుర్ఆన్ ఆంగ్లానువాదకులు అబ్దుల్లా యూసుఫ్ అలీ ఆ ప్రారంభోత్సవంలో పాల్గొన్నారు. ధ్రువవలయం దాటి ఉన్న ఇనువిక్ పట్టణంలోని ముస్లిములకైతే 2010లో మసీదు కట్టడాన్నే విన్నిపెగ్‌లో తయారుచేసి, సుమారు 4,000 కిలోమీటర్లు లారీపై, ఆ పైన నదిలో పడవపై చేర్చారు. వారు మసీదును ఇళ్ల వద్దకు తెచ్చుకొన్నారు. మనం కనీసం ఇంటిని మసీదు వద్దకు తీసుకువెళ్లలేమా?

విచారించవలసిన మరికొన్ని

నర్సు, ఫార్మసిస్టు వంటి వృత్తులకు అక్కడ ప్రతి రాష్ట్రంలోనూ వేరుగా లైసెన్సు తీసుకోవాలి; అది తేలకుండా ఊరు నిశ్చయించుకోరాదు. అద్దెలో ఇల్లు వెచ్చబరచే ఖర్చు కలిసి ఉందా అని ముందే అడగాలి. హలాల్ మాంసం, పిల్లలకు ఖుర్ఆన్ చదువు, ముస్లిముల ఖబ్రస్తాన్ ఉన్నాయో లేదో కనుక్కోవాలి. వెళ్లిన వెంటనే వడ్డీ అప్పుతో ఇల్లు కొనే తొందర పడవద్దు. వీలైతే భర్త ముందుగా వెళ్లి, ఒక శీతాకాలం చూసి, ఆ తరువాత కుటుంబాన్ని పిలిపించుకోవడం ఉత్తమం.

ఇక్కడ మిగిలే తల్లిదండ్రుల మాట మరువరాదు. జిహాద్‌కు అనుమతి కోరి వచ్చిన వ్యక్తిని, తల్లిదండ్రులు జీవించి ఉన్నారని తెలిసి, వారి సేవకే మరలించారు ప్రవక్త (స). తల్లి మనస్ఫూర్తిగా ఒప్పుకొన్నదా, ఆమెకు మందులు తెచ్చిపెట్టేది ఎవరు అన్నవి కూడా ఊరి ఎంపికలో భాగమే. శీతాకాలంలో మనకంటే టొరంటో పదిన్నర గంటలు, విన్నిపెగ్ పదకొండున్నర, ఎడ్మంటన్ పన్నెండున్నర గంటలు వెనుక. పెదపాడులో తల్లి ఫజ్ర్ ముగించి తస్బీహ్ పట్టుకొన్న వేళ అక్కడ సాయంత్రం. ఫోనుకు అదే సరైన గడియ.

ఈ విషయాలన్నీ ఆ శిష్యుడి ముందు ఉంచి, నిర్ణయం భార్యతో, తల్లితో కలసి తీసుకోమన్నాను. వారు మూడింటిలోనూ అత్యంత చలి ఊరైన విన్నిపెగ్‌ను ఎంచుకొన్నారు. అక్కడ మసీదుకు పది నిమిషాల నడకలో రెండు గదుల ఇల్లు దొరికింది. అతని భార్యకు వరుసకు ఖాలా అయ్యే ఆమె రెండు వీధుల అవతల ఉంటుంది. ఇల్లు ఇరుకే, జీతం కూడా మిగతా రెండు చోట్ల కంటే తక్కువే. మొన్న జనవరిలో అతని తల్లి మా ఇంటికి వచ్చి ఫోను చూపించింది. తెరపై కళ్లు మాత్రమే కనిపించేటట్లు ఉన్నిబట్టలు చుట్టుకొన్న మనుమరాలు మసీదు గుమ్మంలో బూట్లకు అంటిన మంచు దులుపుతున్నది. “పిల్ల నవ్వుతున్నది చూశారా హజ్రత్?” అన్నది ఆమె.

వెళ్లే ప్రతి కుటుంబానికీ మంచి పొరుగును, దగ్గరి మసీదును, హలాల్ జీవనోపాధిని. ఇక్కడ మిగిలిన తల్లిదండ్రులకు ఓర్పును, ఆరోగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.