తీగ తెగినా మాట ఆగకూడదు

ధర్మవరం : మగ్గం మీద పోగు తెగితే నేతగాడు కంగారు పడడు. రెండు కొసలూ పట్టుకుని ముడివేసి నేత సాగిస్తాడు. రోడ్డు పక్కన భూమిలో పాతిన గాజు పోగు తెగితే అంత తేలికగా ముడి పడదు. ముందు ఎక్కడ తెగిందో వెతకాలి. తర్వాత రెండు కొసలనూ యంత్రంలో పెట్టి, కరిగించి అతకాలి. అందాకా బ్యాంకు దగ్గర పింఛను డబ్బు కోసం కూర్చున్న ముసలమ్మ, కొత్త చీర నమూనాను ఫోన్‌లో బెంగళూరు వ్యాపారికి పంపబోయిన ధర్మవరం నేతగాడు, చింతపండు అమ్మిన సొమ్ము కోసం హిందూపురం మార్కెట్‌లో ఎదురుచూసే రైతు, అందరూ ఆగవలసిందే.

తీగ తెగినా పని ఆగకుండా చూడడం ఎలా? ఈ ప్రశ్న మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన ఇంజనీర్లలో డాక్టర్ సి. శివరామమూర్తి ఒకరు.

వరంగల్ నుంచి మద్రాసుకు

శివరామమూర్తి వరంగల్‌లోని ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ చదివి 1982లో పట్టా పుచ్చుకున్నారు. ట్రంకాల్ బుక్ చేసి గంటల తరబడి తపాలా కార్యాలయంలో కూర్చునే రోజులవి. అక్కడి నుంచి ఖరగ్‌పూర్ వెళ్లి 1984లో కంప్యూటర్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్., బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1988లో డాక్టరేటు పొందారు. అదే ఏడాది సెప్టెంబరులో మద్రాసు ఐ.ఐ.టి.లో అధ్యాపకుడిగా చేరారు.

మొదటి నుంచీ ఆయన దృష్టి ఒక్క విషయం మీదే లేదు. అనేక కంప్యూటర్లు కలిసి ఒకే లెక్కను పంచుకుని చేయడం, గడువు దాటకుండా పని ముగించడం వంటి సమస్యల మీద పనిచేశారు. ఈ రెండో విషయం మీద జి. మణిమారన్‌తో కలిసి రాసిన పుస్తకం 2001లో వెలువడింది. గడువు తప్పకూడదు, నమ్మకం చెడకూడదు అన్న ఆ పట్టుదలే ఆయనను గాజు పోగుల వైపు నడిపించిందనుకోవచ్చు.

వెంట్రుకంత పోగులో వంద రంగులు

గాజు పోగు లావు ఇంచుమించు తల వెంట్రుకంత. గాజును బాగా శుద్ధి చేస్తే అందులో కాంతి కిలోమీటర్ల కొద్దీ ప్రయాణించగలదని 1966లో ఇంగ్లండులో చార్లెస్ కావో, హాకమ్ అనే ఇంజనీర్లు చెప్పారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ అలాంటి పోగును తయారు చేసి చూపింది. కావోకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక పోగులో ఒకే కాంతి కాదు, కంటికి కనబడని పదుల కొద్దీ 'రంగులు' కలిపి పంపవచ్చు. ఒక్కొక్క రంగు ఒక్కొక్క బండి వంటిది. అయితే ఒక చిక్కుంది. నడుమ రంగు మార్చే పరికరం లేకపోతే, బయలుదేరిన చోటి నుంచి చేరే చోటి దాకా అదే రంగు ఖాళీగా ఉండాలి. హిందూపురంలో ఎక్కినవాడికి గుంతకల్లు దాకా ఒకే నంబరు సీటు ఖాళీగా దొరకవలసినట్లన్నమాట. ఏ కబురును ఏ దారిన, ఏ రంగులో పంపాలో క్షణంలో తేల్చే లెక్కలే ఈ శాస్త్రానికి ప్రాణం.

పెనుకొండ వారికి తెలిసిన పాఠం

ఆ లెక్కల్లో పెద్ద ప్రశ్న, దారి తెగితే ఏమిటని. దీనికి పెనుకొండ రైల్వే జంక్షన్‌ను మించిన ఉదాహరణ లేదు. పెనుకొండ నుంచి ధర్మవరానికి రైలుకు రెండు దారులు. పాతది నాగసముద్రం మీదుగా పోతుంది. పుట్టపర్తి ప్రజల కోసం శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషన్ మీదుగా వేసిన రెండోది 2000లో ప్రారంభమైంది. ఒక దారిలో అడ్డం పడితే రెండో దారి ఉంది. కానీ హిందూపురం, పెనుకొండల మధ్య ఒక్కటే దారి. అక్కడ పట్టా దెబ్బతింటే హిందూపురం బండి దక్షిణాన బెంగళూరు వైపు తిరిగి ఎంతో చుట్టు రావాలి.

గాజు పోగుకూ ఇదే వర్తిస్తుంది. కబురు వెళ్లే అసలు దారితో పాటు, దానితో ఎక్కడా కలవని మారు దారిని ముందే ఖాయం చేసి ఉంచాలి. తెగాక వెతుక్కుంటే ఆలస్యమవుతుంది, అప్పటికి ఖాళీ దొరకకపోవచ్చు కూడా. అయితే ప్రతి కబురుకూ రెండు దారులు కట్టిపెడితే ఖర్చు రెట్టింపవుతుంది. ఆ ఖర్చు చివరకు పడేది వాడుకునేవాడి మీదే.

ఒక్క స్పేర్ బస్సు చాలు

ఇక్కడ బస్సు డిపోను తలచుకోండి. కదిరి బస్సుకొకటి, మడకశిర బస్సుకొకటి స్పేర్ బస్సు పెట్టనక్కరలేదు. రెండూ ఒకేసారి చెడిపోవు గనుక ఇద్దరికీ ఒక్కటే చాలు. మారు దారులను ఇలా పంచుకోవడం ఇంజనీర్లకు తెలిసిన ఉపాయమే.

శివరామమూర్తి, ఆయన శిష్యుడు మోహన్ గురుస్వామి, అమెరికాలోని అరుణ్ సోమానీ కలిసి 2001లో ప్రచురించిన పత్రంలో మరో అడుగు వేశారు. స్పేర్ బస్సును ఊరికే నిలబెట్టకుండా, చిన్న ట్రిప్పులకు తిప్పితే? సాయంత్రానికి తిరిగి వస్తుంది. ఆ కాస్త సేపట్లో అసలు బస్సు చెడిపోతే మాత్రం ఇబ్బందే. పూచీ కొద్దిగా తగ్గుతుంది, కానీ అవే తీగలతో మరెందరి కబుర్లనో మోయవచ్చునని వారు లెక్కగట్టి చూపారు. మోహన్‌తో కలిసి కాంతి వలలపై రాసిన పాఠ్యగ్రంథం 2002లో వచ్చింది. మరో శిష్యుడు టి. వెంకటేశ్‌తో ఇదే రంగంలో ఇంకొక గ్రంథం 2010లో వచ్చింది.

పల్లెకు రెండో దారి ఎప్పుడు?

ఈ లెక్కలు పండితుల కోసమే కాదు. పంచాయతీలన్నిటికీ గాజు పోగు వేయాలని కేంద్రం 2011లో నిర్ణయించింది. తర్వాత ఆ పథకానికే భారత్‌నెట్ అని పేరు పెట్టారు. మొదట వేసిన పద్ధతిలో తీగ మండలం నుంచి పల్లెకు ఒకే వరుసన పోయేది. నడుమ ఒక జేసీబీ గోతిలో తెగితే ఆవలి పల్లెలన్నీ మూగబోయేవి. ఈ లోపం గుర్తించి, మండలాన్నీ పంచాయతీలనూ ఉంగరంలా చుట్టి కలపాలని 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మార్పు చేసింది. దీనికి 1.39 లక్షల కోట్ల రూపాయలు అంచనా వేసింది. ఉంగరంలో ఒకచోట తెగినా రెండో వైపు నుంచి కబురు చేరుతుంది.

కనుక పంచాయతీకి తీగ వచ్చిందా అని అడిగి ఊరుకుంటే చాలదు. ఆ తీగ ఎటు నుంచి వచ్చింది, అది తెగితే రెండోది ఎటు నుంచి వస్తుంది అని కూడా గ్రామసభలో అడగాలి. పెనుకొండలో రైలెక్కే ప్రతి మనిషికీ ఆ ప్రశ్న విలువ తెలుసు.