వేదన అంటే బాధేనా? పాళీ, సంస్కృత, తెలుగు భాషల్లో ఒక పదం

1. పరిచయం

బౌద్ధ దర్శనం మీద విద్యార్థులు రాసిన జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నాకు తరచూ ఒక వాక్యం కనిపించేది: ‘స్పర్శ వల్ల బాధ కలుగుతుంది, బాధ వల్ల తృష్ణ పుడుతుంది.’ రాసినవారు పాఠం చదవలేదని అనలేం. పాఠంలో ‘వేదన’ అని ఉంది. తెలుగులో వేదన అంటే బాధ. కాబట్టి అలా రాశారు. విద్యార్థిగా ఉన్న రోజుల్లో నేనూ అలాగే అర్థం చేసుకున్నాను. కొత్త పదం ఎదురైతే నిఘంటువు తీస్తాం. రోజూ వాడే పదమైతే ఆ అవసరం తోచదు. పొరపాటు అక్కడే జరుగుతుంది.

ఈ భాగం చదివిన తర్వాత మీరు:
• ‘వేదన’ పదం వ్యుత్పత్తిని వివరించగలుగుతారు.
• పాళీ, సంస్కృత, ప్రాకృత, తెలుగు భాషల్లో దాని అర్థభేదాలను గుర్తించగలుగుతారు.
• బౌద్ధ గ్రంథాల తెలుగు అనువాదాలను చదివేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తను చెప్పగలుగుతారు.

2. పదం పుట్టుక

‘వేదన’కు మూలం సంస్కృతంలోని ‘విద్’ ధాతువు. దీనికి తెలియడం, ఎరుక కలగడం అని అర్థం. వేదం, విద్య, విద్వాంసుడు, కోవిదుడు, విదితం అన్న మాటలన్నీ ఈ ధాతువు నుంచే వచ్చాయి. అంటే వేదన తోబుట్టువులన్నీ జ్ఞానానికి సంబంధించినవే. దేవుడికి పెట్టే నైవేద్యం, ప్రభుత్వానికి సమర్పించే నివేదిక కూడా ఈ కుటుంబంలోవే. రెండింటిలోనూ ఉన్నది ‘తెలియజేయడం’ అన్న భావం. కాబట్టి వేదన అంటే మొదటి అర్థం తెలియడం, అనుభవానికి రావడం. అందులో నొప్పి అన్న భావం మొదట లేదు.

3. పాళీలో వేదన

పాళీ గ్రంథాలు ఈ మొదటి అర్థానికి దగ్గరగా నిలిచాయి. మనిషిని విశ్లేషిస్తూ బౌద్ధం చెప్పే అయిదు ఖంధాలలో (సంస్కృతంలో స్కంధాలు) వేదన రెండవది. ఇది మూడు విధాలు: సుఖా వేదనా, దుక్ఖా వేదనా, అదుక్ఖమసుఖా వేదనా. మూడవది సుఖమూ దుఃఖమూ కానిది. వేదన అంటే బాధ అనుకుంటే ‘సుఖా వేదనా’ అన్న మాటకు ‘సుఖమైన బాధ’ అని అర్థం చెప్పవలసి వస్తుంది. ఈ ఒక్క ఉదాహరణ చాలు, మన తెలుగు అర్థం ఇక్కడ పనికిరాదని తేలడానికి.

మజ్ఝిమ నికాయంలోని బహువేదనీయ సుత్తలో ఒక ఆసక్తికరమైన వాదం ఉంది. వేదనలు మూడు అని ఉదాయి అనే భిక్షువు అంటాడు. కాదు, రెండే అని పంచకంగుడు అనే వడ్రంగి అంటాడు. సుఖమూ దుఃఖమూ కానిదాన్ని బుద్ధుడు శాంతమైన సుఖంగానే చెప్పాడన్నది అతని వాదన. ఒకరి మాట ఒకరు ఒప్పుకోరు. ఈ సంభాషణ విన్న ఆనందుడు వెళ్లి బుద్ధుడికి చెబుతాడు. ఇద్దరూ చెప్పింది ఒక్కో దృష్టితో సరైనదేనని, తాను సందర్భాన్ని బట్టి వేదనలను 2, 3, 5, 6, 18, 36, 108 విధాలుగా చెప్పానని బుద్ధుడు అంటాడు. లెక్క దగ్గర తేడా వచ్చింది గాని, సుఖం కూడా వేదనే అన్న విషయంలో ఇద్దరికీ భేదం లేదని గమనించండి.

4. సంస్కృతంలో రెండు అర్థాలు

సంస్కృతంలో పాత అర్థమూ కొత్త అర్థమూ పక్కపక్కనే కనిపిస్తాయి. అమరకోశం ఒకచోట వేదనను అనుభవ జ్ఞానం అనే అర్థంలో చెబుతుంది. అదే గ్రంథం నరకవర్గంలో యాతనకు పర్యాయంగా ‘తీవ్రవేదన’ అన్న మాట ఇస్తుంది. చరక సంహిత శారీరస్థానంలో వేదన సుఖదుఃఖాలు రెండింటికీ వర్తిస్తుంది. అయితే వైద్య గ్రంథాల్లో ఈ పదం నొప్పి అన్న అర్థంలో విరివిగా వాడుకలోకి వచ్చింది. ఇందులో ఆశ్చర్యం లేదు. ఒంట్లో సుఖంగా ఉందని చెప్పుకోవడానికి ఎవరూ వైద్యుడి దగ్గరకు వెళ్లరు కదా!

జైనులు చెప్పే ఎనిమిది కర్మలలో ‘వేదనీయ కర్మ’ ఒకటి. అర్ధమాగధిలో దీన్ని ‘వేయణిజ్జ’ అంటారు. ఇది మళ్లీ రెండు విధాలు: సుఖానుభవాన్ని ఇచ్చేది సాతా వేదనీయం, దుఃఖానుభవాన్ని ఇచ్చేది అసాతా వేదనీయం. ఇక్కడ కూడా పాత అర్థమే నిలిచింది.

5. తెలుగులోనూ ఇతర భాషల్లోనూ

తెలుగులో మనోవేదన, ప్రసవ వేదన అంటాం. ‘సంతోష వేదన’ అనం. విస్తృతమైన అర్థం ఉన్న పదం అందులో ఒక భాగానికే పరిమితం కావడాన్ని భాషాశాస్త్రంలో అర్థసంకోచం అంటారు. పూర్వం వస్త్రం అన్న అర్థం ఉన్న ‘చీర’ ఇప్పుడు స్త్రీలు కట్టుకునే వస్త్రానికే పరిమితమైంది. వేదనదీ అదే దారి. ‘వాసన’ అన్న పదాన్ని చూడండి. అది మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. కానీ ‘ఈ కూర వాసన వస్తోంది’ అంటే ఆ కూర పాడైందనే అనుకుంటాం. మనసు ఇబ్బందిని ముందు పట్టుకుంటుంది, పదం కూడా అటే ఒరుగుతుంది.

హిందీ, బెంగాలీ భాషల్లోనూ వేదన అంటే బాధే. పాళీ గ్రంథాలను శతాబ్దాలుగా కాపాడిన శ్రీలంకలో కూడా వాడుక సింహళంలో ‘వేదనావ’ అంటే నొప్పి. బర్మీస్ వాడుకలోనూ అంతే. థాయ్ వాడుకలో అది జాలి అన్న అర్థానికి మారింది. అంటే ధర్మగ్రంథంలో ఒక అర్థం, ఇంట్లో మరో అర్థం ఉండటం మన ఒక్కరి సమస్య కాదు. ఉపసర్గ చేరిన రూపాల్లోనూ ఇటువంటి తేడాలున్నాయి. తెలుగులో ‘ఆవేదన’ మనసులోని బాధ. హిందీలో ‘ఆవేదన్’ అంటే దరఖాస్తు.

6. ఈ తేడా ఎందుకు ముఖ్యం?

ఇప్పుడు మొదటి వాక్యానికి వద్దాం. ప్రతీత్య సముత్పాదంలో స్పర్శ (ఫస్స) వల్ల వేదన, వేదన వల్ల తృష్ణ (తణ్హా) కలుగుతాయని ఉంది. వేదన బాధ మాత్రమే అయితే తృష్ణకు మూలం బాధ ఒక్కటే అవుతుంది. కానీ సుఖం కలిగినప్పుడు ‘ఇది ఇంకా కావాలి’ అనిపించడమే తృష్ణకు ముఖ్యమైన రూపం. తెలుగు అర్థంతో చదివితే సుఖం ఆ గొలుసులోంచి జారిపోతుంది. బౌద్ధం కష్టాల గురించి తప్ప మరేమీ చెప్పలేదన్న అపోహకు ఇదీ ఒక కారణం అవుతుంది.

చైనా అనువాదకులు ఈ పదానికి ‘స్వీకరించడం’ అన్న అర్థమున్న అక్షరాన్ని వాడారు. టిబెటన్ అనువాదకులు ‘అనుభూతి’ అన్న అర్థమిచ్చే తమ సొంత మాటను వాడారు. వారి భాషల్లో ‘వేదన’ అన్న మాట లేదు కాబట్టి అర్థం వెతుక్కోక తప్పలేదు. మనకు ఆ మాట సిద్ధంగా ఉంది కాబట్టి అర్థం వెతకకుండానే దాన్ని రాసేస్తున్నాం.

తెలుగులో ‘అనుభూతి’ దగ్గరి మాటే గాని, దానికి కొంత మధురమైన ఛాయ ఉంది. మనోవిజ్ఞాన శాస్త్రంలో వాడే ‘సంవేదన’ ఇంద్రియ జ్ఞానానికి పరిమితం. నా సలహా ఇది: మూల పదాన్ని ‘వేదన’ అనే ఉంచండి. మొదటిసారి రాసినప్పుడు ‘సుఖం, దుఃఖం, రెండూ కాని అనుభవం’ అని పక్కన వివరించండి.

7. మీ అవగాహనను పరీక్షించుకోండి

1) ‘విద్’ ధాతువు నుంచి వచ్చిన నాలుగు తెలుగు పదాలు రాయండి.
2) పాళీ గ్రంథాల ప్రకారం వేదన ఎన్ని విధాలు? ఉదాయి, పంచకంగుల వాదం ఆధారంగా వివరించండి.
3) సంస్కారం, విజ్ఞానం, సంజ్ఞ అనే పదాలు కూడా పంచ స్కంధాలలో ఉన్నాయి. వాటికి తెలుగు వాడుకలో ఉన్న అర్థాన్నీ బౌద్ధంలో ఉన్న అర్థాన్నీ పోల్చి చూడండి. వేదనకు జరిగినదే వాటికీ జరిగిందా?