తిరిగే బిళ్ల, కదిలే చెయ్యి

1956లో ఐబీఎం విడుదల చేసిన రామాక్ కంప్యూటర్‌తో హార్డ్ డిస్క్ పుట్టింది. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో రేనాల్డ్ జాన్సన్ బృందం తయారుచేసిన ఆ యంత్రం బరువు దాదాపు ఒక టన్ను. 24 అంగుళాల బిళ్లలు 50, ఒకే ఇరుసు మీద నిమిషానికి 1,200 సార్లు తిరిగేవి. పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇప్పటి కెమెరా తీసే రా ఫొటో ఒక్కటి కూడా అందులో ఇమడదు. అయినా అది గొప్ప ముందడుగే. టేపును మొదటినుంచీ తిప్పుకుంటూ పోనక్కర్లేకుండా, కావలసిన చోటికి నేరుగా వెళ్లి చదవడం దానితో వీలైంది.

అలా వెళ్లాల్సింది, డేటాను చదివే, రాసే హెడ్‌ను మోసే చెయ్యి. రామాక్‌లో అది బిళ్లల పక్కన పైకీ కిందికీ, లోపలికీ బయటికీ కదిలి ఒక్క రికార్డును అందుకోవడానికి సగటున 0.6 సెకను పట్టేది. 1973లో వచ్చిన వించెస్టర్ డిస్కు హెడ్లనూ బిళ్లలనూ కలిపి ఒకే పెట్టెలో మూసేసింది. 1980లో సీగేట్ 5.25 అంగుళాల డిస్కుతో 5 మెగాబైట్లు చిన్న కంప్యూటర్‌లోకి వచ్చాయి. 1988లో ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బెర్గ్ విడివిడిగా కనుగొన్న అయస్కాంత ధర్మం ఆధారంగా చేసిన హెడ్లు నిల్వను ఎన్నో రెట్లు పెంచాయి. వారిద్దరికీ 2007లో నోబెల్ వచ్చింది.

నిల్వ పెరిగినంతగా చెయ్యి వేగం పెరగలేదు. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కుకు ఒక్క చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. వెతికే డేటా హెడ్ కిందికి వచ్చేదాకా సగటున అందులో సగం ఆగాలి. చెయ్యి కదలడానికి పట్టే కాలం అదనం. పెద్ద ఫైలును వరుసగా చదివేటప్పుడు ఈ ఆలస్యం తెలియదు. ఫొటోల పనిలో మాత్రం బాగా తెలుస్తుంది. లైట్‌రూమ్ వేల చిన్న ప్రివ్యూలను తెరుస్తుంది. ర్యామ్ నిండితే ఫొటోషాప్ తాత్కాలిక నిల్వకు వాడే స్క్రాచ్ డిస్కు మీద రాయడం మొదలుపెడుతుంది. విండోస్, ఫొటోలు, స్క్రాచ్ మూడూ ఒకే డిస్కు మీద ఉంటే ఆ ఒక్క చెయ్యే మూడు చోట్లకూ పరుగెత్తాలి. డిస్కును మూడు పార్టిషన్లు చేసినా ప్రయోజనం లేదు, చెయ్యి ఒకటే కదా. విడివిడి డిస్కులు పెట్టే అలవాటు అందుకే వచ్చింది.

చిప్పుల్లో నిల్వచేసే ఎస్ఎస్‌డీలో ఆ చెయ్యే లేదు. సాటా రకం సెకనుకు 550 మెగాబైట్ల దాకా, మంచి ఎన్‌వీఎంఈ రకం 3,000 పైన చదువుతాయి. ఫొటోల పనికి కంప్యూటర్‌ను సిద్ధం చేసుకునేటప్పుడు, స్క్రాచ్ అవసరం తగ్గేలా ముందు ర్యామ్ సరిపడా ఉండాలి. ఆ తర్వాత విండోస్, సాఫ్ట్‌వేర్, లైట్‌రూమ్ క్యాటలాగ్ ఒక ఎన్‌వీఎంఈ మీద ఉంచాలి. రెండోది కొనగలిగితే స్క్రాచ్, చేతిలో ఉన్న పని దాని మీదికి వెళ్తాయి. పూర్తయిన పెళ్లి ఫొటోలు, పాత రా ఫైళ్లు హార్డ్ డిస్కు మీదే ఉండాలి. టెరాబైటుకు ఖర్చు అక్కడే తక్కువ.

కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే రెయిడ్ పద్ధతికి ఆ పేరు 1988లో ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ రాసిన పత్రంతో వచ్చింది. ఫొటోలకు రెయిడ్ 0 పనికిరాదు: ఒక్క డిస్కు పోతే అన్నీ పోతాయి. ఒకే డేటాను రెండు డిస్కుల మీదా రాసే రెయిడ్ 1లో ఒక డిస్కు చెడినా పని ఆగదు, కానీ పొరపాటున చెరిపిన ఫైలు రెండింటిలోనూ చెరిగిపోతుంది. అది బ్యాకప్ కాదు. తిరుగుతున్న బిళ్లకూ హెడ్‌కూ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లే, డిస్కు చెడడానికి చిన్న దెబ్బ చాలు. అందుకే మరో కాపీని బయటి డిస్కులోకి తీసి, వైరు పీకి, వీలైతే వేరే ఇంట్లో దాచాలి. కొత్త ఎస్ఎస్‌డీ కొనేముందే ఆ బయటి డిస్కు కొనండి.