బావినీటి వెంట నడచిన శాస్త్రములు

పరిశోధన యనగానే వైద్యశాస్త్రమొకచోటను, భూగర్భశాస్త్రమొకచోటను, సంఘశాస్త్రము మఱియొకచోటను, ఒకదాని యెఱుక మఱియొకదానికి లేకుండ, తమ తమ గదులలో తలుపులు మూసికొని పనిచేయుచుండునని సామాన్యముగా మనము తలంచుచుందుము. నల్లగొండ జిల్లా ప్రజల యెముకలను తరతరములుగా పీడించిన ఫ్లోరోసిస్ వ్యాధి చరిత్రను మొదటినుండి పరిశీలించినవారి కట్టి తలంపు నిలువదు. ఆ వ్యాధిని గుర్తించుటకు వైద్యుడు చాలలేదు. దాని మూలమును తెలిసికొనుటకు శిలల నెఱిగినవాడు కావలసివచ్చెను. దానిని తొలగించుటకు రసాయనికుడును, ఇంజనీరును, తుదకు వోటరును గూడ పూనుకొనవలసివచ్చెను.

ఈ చరిత్రకు ఆద్యులు పండితులు కారు, రైతులు. 1930ల దశకమున మద్రాసు రాజధానిలోను నిజాం రాజ్యములోను కొన్ని మెట్ట గ్రామములయందు పశువులు కీళ్లు బిగిసి, నడక చెడి, కాడి క్రింద నిలువలేకపోవుటను వారు కనిపెట్టిరి. పశువైద్యుల నివేదికలు వెలువడిన తరువాత మనుష్యుల వంకకు దృష్టి మఱలినది. 1937లో హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్ అను వైద్యుడు తన సహచరులతో గూడి, నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతములలోని జనుల వెన్నెముకలు కొయ్యబారుటకు త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని భారత వైద్యపరిశోధనా పత్రికలో ప్రకటించెను. మలేరియా క్రిమి మనుష్యుని కాలేయమున దాగి పెరుగునని 1948లో గార్న్‌హమ్‌తో కలిసి కనుగొన్న షార్ట్ ఈయనయే. లోకము ఆయనను మలేరియా మూలముననే స్మరించుచున్నది. నెల్లూరి పరిశోధన యంతకంటె తక్కువది కాదని నా యభిప్రాయము. నల్లగొండలోని వ్యాధిని గూర్చి ఎ. హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో విపులముగా వ్రాసినందున, అక్కడి జనులు ‘ఫ్లోరిన్ నీళ్లు’ అని చెప్పుకొనుచు వచ్చిన బాధకు అంతర్జాతీయ సాక్ష్యము లభించినది.

ఫ్లోరైడు దేహమున చేయు పనిని మొట్టమొదట పంటియందు చూడవచ్చును. చిగుళ్ల లోపల పన్ను రూపొందు చిన్నతనమున పిల్లవాడు ఈ నీరు త్రాగినచో, పంటి పైపొర నిగనిగలు కోల్పోయి సుద్దవలె తెల్లబడును. పిమ్మట దానిపై అడ్డముగా పసుపుపచ్చని చారలును, గోధుమవన్నె మచ్చలును తేలును. వ్యాధి ముదిరినచోట చిన్న చిన్న గుంటలు పడును. ఎంత తోమినను పోని యీ గారను పెద్దవయసున ఆ యూరికి వచ్చినవానిలో చూడము, ఏలయన వాని పండ్లు అప్పటికే తయారైయుండును. పంటిని చూచి ఆ మనిషి బాల్యమున ఏ నీరు త్రాగెనో చెప్పవచ్చునన్నమాట. ఎముకలోని ఖనిజమందు హైడ్రాక్సిల్ ఉండవలసిన తావును ఫ్లోరైడు ఆక్రమించును. కాలక్రమమున కీళ్లను బంధించు నరములవంటి కట్లు గూడ ఎముకగా మారును. అప్పుడు మెడ త్రిప్పుటకును, నేలపై కూర్చుండి లేచుటకును మనిషికి శక్తి యుండదు.

ఈ ఫ్లోరైడు ఏ కర్మాగారమునుండియో వచ్చినది కాదు. నల్లగొండ నేల క్రింద పఱచుకొనియున్న గ్రానైటులో ఫ్లోరైటు, అపటైటు, బయొటైటు మొదలగు ఖనిజములు గలవు. నేలలోని కింకిన వాననీరు రాతి నెఱ్ఱెలలో చిరకాలము నిలిచి, అందు సోడియమును బైకార్బొనేటును హెచ్చి, కాల్షియము తగ్గినకొలది ఆ ఖనిజములలోని ఫ్లోరైడు నీటిలోనికి విడివడును. కాల్షియము దండిగా నున్నచో దానితో కలిసి కరగని పదార్థమై అడుగునకు చేరును. అందుచేత ఒకే యూరిలో ఒక బావినీరు నిర్దోషమైనదియు, కొంత దూరమందలి బోరునీరు హానికరమైనదియు కావచ్చును. రెంటికిని రుచిలో భేదము తెలియదు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు, వేఱు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వఱకు సహింపవచ్చుననియు మన దేశప్రమాణము. కఱవు వచ్చి పాతబావులు ఎండి, బోరులు లోతునకు పోయినకొలది జనులు త్రాగు నీరు రాతితో మఱింత చిరకాలము సహవాసము చేసిన నీరై యుండెను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అను వైద్యులు 1973లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిన విషయము ఈ కథలో నన్ను మిక్కిలి ఆకర్షించిన ఘట్టము. అంతవఱకు ఫ్లోరోసిస్ అనగా నడివయసువారి వెన్ను బిగిసికొనుట. వీరు చూచినది వేఱు: ఎదుగు వయసులోని పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానితో నొకటి రాచుకొనుచు, పాదములు ఎడమై, నడక దుర్భరమగుచుండెను. ఈ వికృతి క్రొత్తదని యూరివారే చెప్పిరి. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో నీరు విడిచిన నాగార్జునసాగరము పరిసరములందలి నేలలో ఊటనీటి మట్టము పెరిగెననియు, ఆ మార్పుచే జొన్నగింజలో మాలిబ్డినము హెచ్చెననియు, మాలిబ్డినము దేహములోని రాగిని బయటికి పంపుటచే ఫ్లోరైడుచే పీడితమైన లేత యెముక మఱింత బలహీనమయ్యెననియు ఆ సంస్థ శాస్త్రజ్ఞులు ఊహించి, ధాన్యమును, నీటిని, రోగుల రక్తమును పరీక్షించిరి. జొన్న గటకయే ప్రధానాహారమైన పేదలయిండ్లలోనే ఈ బాధ యెక్కువగా కనబడినది. దేశమునకు అన్నము పెట్టుటకై కట్టిన ఆనకట్టకును, ఒక బీదపిల్లవాని మోకాలికిని నడుమ నున్న దారిని వెదకుటకు నేల, నీరు, పైరు, వంట, నెత్తురు అన్నిటిని ఒక్కచూపున చూడగలిగినవారు కావలెను. అట్టివారు మన హైదరాబాదుననే యుండి పనిచేసిరి.

నివారణమార్గమును నాగపురములోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970ల దశకమున రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టినది. పద్ధతి సరళము. అడుగునుండి రెండంగుళములు పైగా కొళాయి బిగించిన బకెట్టులో నీరు పోసి, సున్నమును బ్లీచింగ్ పౌడరును వేసి, పటిక కరిగిన నీటిని కలిపి, కఱ్ఱతో మెల్లగా పది యిరువది నిమిషములు త్రిప్పవలెను. నీటిలో దూదిపింజలవంటి తునకలు పుట్టి, ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. గంటసేపు కదపక యుంచి, పైనున్న తేటను కొళాయినుండి పట్టుకొనవలెను. ఈ పద్ధతి నల్లగొండ పేరుతోనే టాంజానియా, ఇథియోపియా దేశములకు పోయినది. కాని ప్రతి బావికిని పటిక పాలు వేఱు. మోతాదు తప్పినచో నీరు పుల్లనగుటయో, ఫ్లోరైడు మిగులుటయో జరుగును. కూలికి పోవలసిన గృహిణి తెల్లవాఱుజామున ఈ కొలతలు కొలిచి, గంటసేపు కాచియుండుట యెట్లు? పెక్కు గ్రామములలో ఆ బకెట్లు మూలబడుటకు కారణము ప్రజల అజ్ఞానమని వ్రాసినవారితో నేనేకీభవింపను.

అప్పటికి ఇది రసాయనమును దాటి సంఘసమస్య యైనది. పండ్లు గారపట్టిన పిల్లకు పెండ్లి సంబంధము కుదురుట కష్టము; వంగిన నడుముతో కూలి దొరకదు; మంచినీరు కొనగలిగినవాడు కొనును, లేనివాడు బోరుకే పోవును. 1996 లోకసభ యెన్నికలలో జలసాధన సమితి పిలుపుననుసరించి రైతులును, బాధితులును నామినేషన్లు వేయగా, నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. బ్యాలెట్టు పుస్తకమంత కాగా, పోలింగును వాయిదా వేయవలసివచ్చెను. దశాబ్దములుగా వైద్యపత్రికలలో అచ్చయిన వ్యాసములు దేశమంతటి కన్నుల బడునట్లు చేసినది ఆ నామినేషను పత్రములే.

మన వంటింటి చింతపండునకు ఇందొక పాత్ర గలదు. పోషకాహార సంస్థకు చెందిన అర్జున్ ఖందారేయు ఆయన సహచరులును బాలురకు దినమునకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 దినములు పెట్టి చూడగా, మూత్రముద్వారా ఫ్లోరైడు ఎక్కువగా వెలుపలికి పోయినది. దీనిని 2002లో ప్రకటించిరి. చారు త్రాగిన మాత్రమున వ్యాధి పోవునని దీని యర్థము కాదు; ఎముకలో నాటుకొనకమున్నే కొంత ఫ్లోరైడును తప్పింపవచ్చునని మాత్రమే.

2016లో ఆరంభమైన మిషన్ భగీరథ నదీజలమును గొట్టములద్వారా ఇంటింటికిని చేర్చ సంకల్పించినది. త్రాగునీరు మాఱినను పొలమునకు పాఱు నీరు అనేకచోట్ల బోరునీరే గనుక, ధాన్యముద్వారాను కాయగూరలద్వారాను ఎంత ఫ్లోరైడు లోనికి పోవుచున్నదో నేలను ఎఱిగినవారును, ఆహారమును ఎఱిగినవారును కలిసి కొలువవలెను. నదీజలము వచ్చిన పిమ్మట పుట్టిన పిల్లలకు శాశ్వతదంతములు మొలచు వయసు వచ్చినది. ఏటేటా బడులలో ఆ పండ్లను పరీక్షించి వ్రాసిపెట్టినచో, గొట్టపునీరు ఏ యూరికి నిజముగా అందినదో, ఏ యూరివారు ఇంకను బోరునే నమ్ముకొనియున్నారో దంతవైద్యుడే చెప్పగలడు. ఇదివఱకే వంగిన యెముకలను తిరిగి చక్కచేయు మందు లేదు గనుక, ఆ పెద్దల నొప్పిని తగ్గించు వ్యాయామ చికిత్స, వారి జీవనభృతి, వారిని కనిపెట్టియుండు ఇంటివారి శ్రమ, ఇవి వైద్యుడును సంఘశాస్త్రజ్ఞుడును ఇంకను చేయవలసిన పరిశోధనలు.