యూనిట్ 6: రేవు నగరంలో ఒక రోజు యాత్రలు – విశాఖపట్నం ఉదాహరణగా

6.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• ఒక రేవు నగరంలోని సందర్శన స్థలాలకూ ఆ రేవుకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు;
• స్థలాలను దిక్కునూ కథనూ బట్టి విడదీసి, ఒక రోజు యాత్రను రూపొందించగలుగుతారు;
• యాత్రకు కావలసిన సమయాన్ని లెక్క కట్టగలుగుతారు;
• సందర్శన వల్ల స్థలానికి, అక్కడి ప్రజలకు కలిగే లాభనష్టాలను చర్చించగలుగుతారు.

6.1 పరిచయం

‘విశాఖపట్నంలో చూడవలసినవి ఏమిటి?’ అని ఎవరినైనా అడగండి. రామకృష్ణా బీచ్, కైలాసగిరి, జలాంతర్గామి, ఋషికొండ, సింహాచలం, బొర్రా గుహలు, అరకు అంటూ జాబితా చెబుతారు. జాబితా తప్పు కాదు. అయితే దాన్ని పట్టుకొని బయలుదేరిన కుటుంబం ఉదయం ఉత్తరానికి, మధ్యాహ్నం దక్షిణానికి, సాయంత్రం మళ్ళీ ఉత్తరానికి తిరిగి, రోజులో ఎక్కువ భాగం వాహనంలోనే గడిపి అలసిపోతుంది. ఇంటికి వెళ్ళాక పిల్లలకు గుర్తుండేది ట్రాఫిక్ ఒక్కటే.

యాత్రను రూపొందించేవారు ముందు వేసుకోవలసిన ప్రశ్న వేరు: ‘ఈ నగరం ఇక్కడ ఎందుకు ఉంది?’ రేవు నగరాలలో ఈ ప్రశ్నకు జవాబు దొరికితే, విడివిడిగా కనిపించే స్థలాలు ఒక వరుసలోకి వస్తాయి. ఈ యూనిట్‌లో విశాఖపట్నాన్ని ఉదాహరణగా తీసుకొని ఆ పద్ధతిని నేర్చుకుందాం. మీరు విశాఖ చూడకపోయినా ఇబ్బంది లేదు. ఉత్తరాంధ్ర పటం ఒకటి దగ్గర పెట్టుకొని చదవండి.

6.2 నగరాన్ని చదవడం: కొండ, గెడ్డ, ఇసుక

పటంలో విశాఖకు దక్షిణాన సముద్రంలోకి చొచ్చుకువచ్చిన కొండను గుర్తించండి. డాల్ఫిన్ ముక్కును పోలి ఉండటం వల్ల దానికి డాల్ఫిన్స్ నోస్ అనే పేరు వచ్చింది. నైరుతి దిక్కు నుంచి వచ్చే అలల తాకిడిని ఈ కొండ అడ్డుకుంటుంది. దాని వెనుక మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసే చోట ఒకప్పుడు బురద నేల ఉండేది. ఆ బురదను తవ్వి, ఓడలు లోపలికి రావడానికి కాలువ చేసి, 1933లో రేవును ప్రారంభించారు. మధ్య భారతంలోని మాంగనీస్ ఖనిజాన్ని విదేశాలకు పంపడం అప్పటి ప్రధాన ఉద్దేశాలలో ఒకటి. అంటే, రేవుకు ప్రకృతి ఇచ్చింది కొండ అండ. మనిషి చేసింది తవ్వకం.

ఇక్కడ ఇంకొక విషయం గమనించాలి. మన తూర్పు తీరంలో అలలు ఏటా ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. రేవు కోసం కట్టిన అడ్డుగోడల దగ్గర ఆ ఇసుక ఆగిపోతుంది. దానితో ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచ్‌కు అందవలసిన ఇసుక తగ్గి, తీరం కోతకు గురవుతుంది. అందుకే రేవు దగ్గర పేరుకున్న ఇసుకను యంత్రాలతో తోడి బీచ్‌కు చేరవేస్తుంటారు. సాయంత్రం మనం మరమరాల మిక్చర్ తింటూ కూర్చునే ఇసుకకూ, కాస్త దూరంలో లంగరు వేసి ఉన్న ఓడకూ ఇంత దగ్గరి సంబంధం ఉందని చాలామంది సందర్శకులకు తెలియదు. ఇలాంటి సంబంధాలను చూపించడమే మంచి గైడ్ చేసే పని.

6.3 మొదటి యాత్ర: రేవు చుట్టూ

దూరం తక్కువ కాబట్టి, వృద్ధులు, చిన్న పిల్లలు ఉన్న బృందానికి ఈ యాత్ర అనుకూలంగా ఉంటుంది. ఉదయాన్నే వన్‌టౌన్‌లో మొదలుపెట్టండి. రేవు కాలువ పక్కన మూడు కొండలు వరుసగా ఉంటాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, మరొకదాని మీద వేంకటేశ్వరస్వామి ఆలయం. చర్చి ఉన్న రాస్ హిల్ పైనుంచి చూస్తే రేవు కాలువ, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కనిపిస్తాయి. సముద్రం మీదికి వెళ్ళేవారు, వారి కోసం ఎదురుచూసేవారు ఉన్న ఊరిలో, కాలువ పక్కనే మూడు మతాల ప్రార్థనా స్థలాలు ఉండటంలో ఆశ్చర్యం లేదు. 6.2లో చదివిన భౌగోళిక పాఠాన్ని కళ్ళారా చూడవలసిన చోటు ఇదే.

ఎండ ముదిరే వేళకు లోపల ఉండి చూసే స్థలాలకు మారాలి. బీచ్ రోడ్డులో ఒక పాత డచ్ బంగళాలో ఏర్పాటు చేసిన విశాఖ మ్యూజియం ఉంది. అదే రోడ్డులో ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి, టీయూ-142 విమాన మ్యూజియం ఎదురెదురుగా ఉన్నాయి. కుర్సురా 1969లో నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధ కాలంలో సేవలందించింది. 2001లో విరమణ పొంది, 2002లో మ్యూజియం అయింది. దాని పొడవు 91 మీటర్లకు పైగా ఉన్నా లోపలి దారి చాలా ఇరుకు. మోకాళ్ళ నొప్పులున్నవారికీ, ఇరుకు చోట ఊపిరాడదని భయపడేవారికీ ఆ విషయం టికెట్ కొనకముందే చెప్పాలి. దగ్గరలోనే 1971 యుద్ధ స్మారకమైన ‘విక్టరీ ఎట్ సీ’ ఉంది. రేవు వాణిజ్యానికే కాక దేశ రక్షణకూ కేంద్రమైందని ఈ మూడూ కలిసి చెబుతాయి.

సాయంత్రం బీచ్‌లో గడపవచ్చు. అయితే ఒక హెచ్చరిక. విశాఖ తీరంలో చాలాచోట్ల ఒడ్డు దాటగానే లోతు పెరుగుతుంది. వెనక్కి లాగే ప్రవాహాలు ఉంటాయి. ఈత వచ్చినవారు కూడా ఇక్కడ ప్రాణాలు కోల్పోయారు. హెచ్చరిక బోర్డు ఉన్న చోట నీటిలోకి దిగకూడదన్న మాటను బృంద నాయకుడు మొహమాటం లేకుండా చెప్పాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(1) డాల్ఫిన్స్ నోస్ లేకపోతే విశాఖ రేవుకు ఏ ఇబ్బంది కలిగేది?
(2) మధ్యాహ్నం వేళకు మ్యూజియంలను కేటాయించడానికి కారణం ఏమిటి?

6.4 రెండవ యాత్ర: భీమిలి తీరం

విశాఖ నుంచి ఉత్తరంగా, సముద్రాన్ని కుడివైపు ఉంచుకొని సాగే రోడ్డు భీమునిపట్నం చేరుతుంది. సుమారు 25 నుంచి 30 కిలోమీటర్ల ఈ దారిలో కైలాసగిరి, ఋషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు వరుసగా వస్తాయి. వెనక్కి మళ్ళవలసిన అవసరం లేకపోవడమే ఈ యాత్రలోని సౌకర్యం.

తొట్లకొండ మీద సుమారు రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధారామ శిథిలాలు ఉన్నాయి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు వచ్చింది. 1970వ దశకంలో నౌకాదళ అవసరాల కోసం సర్వే చేస్తుండగా ఈ స్థలం వెలుగులోకి వచ్చింది. తవ్వకాలలో రోమన్ నాణేలు కూడా దొరికాయి. భిక్షువులు నివసించిన కొండ మీదికి రోమన్ నాణెం ఎలా వచ్చింది? కొండ అంచున నిలబడి కిందికి చూస్తే జవాబు తెలుస్తుంది. సముద్ర వర్తకం 1933లో మొదలు కాలేదు. ఈ తీరానికి అది చాలా పాత పరిచయం.

ఎర్రమట్టి దిబ్బలు వేల సంవత్సరాలుగా గాలి, వాన, సముద్ర మట్టంలోని హెచ్చుతగ్గులు కలిసి చేసిన రూపం. ఇసుక రేణువులకు పట్టిన ఇనుప ఆక్సైడు వల్ల ఆ ఎరుపు వచ్చింది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరింది. ఇంత విలువైన దిబ్బ గట్టి రాయి కాదు, మెత్తని మట్టి. ఒకరు గట్టు అంచు ఎక్కి ఫొటో తీయించుకుంటే కొంత మట్టి జారుతుంది. వందల మంది ఎక్కితే గట్టు విరుగుతుంది. కాబట్టి ఇక్కడ బాటలోనే నడవాలి.

యాత్ర చివర భీమిలి. డచ్చివారు 17వ శతాబ్దంలో ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు ఇది. ఒకప్పటి ఈ రేవుకు ఇప్పుడు ఓడలు రావు. ఉదయం విశాఖ రేవును చూసి సాయంత్రానికి భీమిలి చేరినవారికి, రేవులు పుట్టడమే కాదు, వాటి కాలం ముగియడం కూడా అర్థమవుతుంది. గోస్తనీ నది సముద్రంలో కలిసేది ఇక్కడే. ఆ పేరు గుర్తుంచుకోండి. తరువాతి యాత్రలో మళ్ళీ వస్తుంది.

6.5 మూడవ యాత్ర: బొర్రా, అరకు

అరకు రైలు ప్రయాణం గురించి మీరు వినే ఉంటారు. కొత్తవలస నుంచి కిరండూల్ వరకు తూర్పు కనుమలను చీల్చుకుంటూ పోయే ఈ మార్గంలో యాభైకి పైగా సొరంగాలు ఉన్నాయి. అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టెలో కూర్చుని లోయలను చూడటం ఇప్పుడు పెద్ద ఆకర్షణ. అయితే ఈ మార్గాన్ని 1960వ దశకంలో వేసింది పర్యాటకుల కోసం కాదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు పంపడం కోసం. మీ రైలు పక్క పట్టాల మీద ఆగివున్న గూడ్సు బండిలోని ఖనిజం చాలావరకు మీరు బయలుదేరిన ఊరికే వెళుతోంది. అరకు కూడా ఆ విధంగా రేవు కథలో ఒక అధ్యాయమే.

విశాఖకు సుమారు 90 కిలోమీటర్ల దూరంలో బొర్రా గుహలు ఉన్నాయి. సున్నపురాయిని నీరు కరిగించగా ఏర్పడిన గుహలివి. పైనుంచి ఊడల్లా దిగిన శిలలను స్టాలక్టైట్లు అనీ, నేల నుంచి పైకి పెరిగిన వాటిని స్టాలగ్మైట్లు అనీ అంటారు. చేతితో తాకితే చర్మంలోని జిడ్డు అంటుకొని వాటి పెరుగుదల దెబ్బతింటుంది. ఈ కొండలలో పుట్టి బొర్రా మీదుగా పారే నది గోస్తనీ. కిందికి దిగి విజయనగరం జిల్లాలోని తాటిపూడి జలాశయం చేరుతుంది. విశాఖ నగరానికి తాగునీరిచ్చే వనరులలో అది ఒకటి. ఆపైన భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. బొర్రా దగ్గర నదిలోకి విసిరిన ప్లాస్టిక్ సీసా మనం తాగే నీటి దారిలోకే విసిరినట్టు.

ఈ ప్రాంతం గిరిజనులది. బొర్రా పరిసర గ్రామాలలో ప్రైవేటు సంస్థలకు ఇచ్చిన గనుల లీజులపై సమత సంస్థ న్యాయపోరాటం చేసింది. షెడ్యూల్డు ప్రాంతంలోని భూములను గనుల కోసం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బొర్రాకు వెళ్ళే దారిలో ఆ పల్లెలను మనం చూడగలుగుతున్నామంటే అందులో ఈ తీర్పు పాత్ర ఉంది. అందువల్ల అరకులో కాఫీ గింజలు, బొంగు చికెన్ కొనేటప్పుడు వీలైనంత వరకు స్థానిక గిరిజనుల దగ్గర కొనండి. థింసా నృత్యం చేసేవారిని అడిగిన తరువాతే ఫొటో తీయండి.

6.6 సమయాన్ని లెక్క కట్టడం

బొర్రా, అరకు రెండూ ఒకే రోజు చూసి కారులో తిరిగి రావాలనుకుందాం.

ఉదయం 6.00 – విశాఖ నుంచి బయలుదేరడం
9.00 – బొర్రా చేరడం; ఫలహారం, గుహల సందర్శన
11.00 – అరకుకు బయలుదేరడం
12.00 – అరకు; గిరిజన మ్యూజియం, భోజనం, తోటలు
సాయంత్రం 3.00 – తిరుగు ప్రయాణం
7.00 – విశాఖ

మొత్తం 13 గంటలు. ప్రయాణం 3 + 1 + 4 = 8 గంటలు. చూడటానికి, తినడానికి మిగిలింది 5 గంటలు. ఇందులోకి మూడవ స్థలాన్ని చేర్చితే ఏదో ఒకటి పరుగెత్తుతూ చూడాలి, లేదా చీకట్లో ఘాట్ రోడ్డు దిగాలి. రెండవది ప్రమాదకరం. కాబట్టి ఈ సూత్రం గుర్తుంచుకోండి: ప్రయాణ సమయం చూసే సమయాన్ని మించిపోతే స్థలాల సంఖ్య తగ్గించాలి, లేదా ఒక రాత్రి బస చేయాలి. బయలుదేరే ముందు రైలు వేళలు, మ్యూజియంల వారపు సెలవు, అక్టోబరు–నవంబరులలో అయితే తుఫాను హెచ్చరికలు సరిచూసుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(1) కొత్తవలస–కిరండూల్ రైలుమార్గాన్ని ఎందుకు నిర్మించారు?
(2) గోస్తనీ నది బొర్రా, విశాఖ, భీమిలిలను ఎలా కలుపుతోంది?

6.7 సారాంశం

రేవు నగర సందర్శన అంటే జాబితాలోని పేర్లకు టిక్కు పెట్టడం కాదని మీరు గమనించారు. డాల్ఫిన్స్ నోస్ రేవుకు అండ ఇచ్చింది; రేవు రైలును రప్పించింది; రైలు అరకును దగ్గర చేసింది. ఈ వరుస తెలిసినవారు రోజుకు ఒక దిక్కు, ఒక కథ ఎంచుకుంటారు. ఇసుక, ఎర్రమట్టి, సున్నపు శిల, నది నీరు – మనం చూడటానికి వెళ్ళేవన్నీ మన రాకతోనే చెడిపోగలవు. ఆ సంగతిని యాత్రికులకు నొప్పించకుండా చెప్పగలగడం కూడా యాత్రా నిర్వాహకుడి నైపుణ్యంలో భాగమే.

6.8 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. విశాఖపట్నం సందర్శన స్థలాలకూ రేవు అభివృద్ధికీ ఉన్న సంబంధాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. పర్యాటకం వల్ల బొర్రా–అరకు ప్రాంతానికి కలిగే లాభనష్టాలను చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. సింహాచలంలో స్వామి నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కరోజు, చందనోత్సవం నాడే లభిస్తుంది. ఆ రోజు యాత్రలో ఇతర స్థలాలను కలపడం సముచితమేనా? కారణాలు తెలపండి.
2. 70 ఏళ్ళ వృద్ధురాలు, ఆరేళ్ళ బాలుడు ఉన్న నలుగురి కుటుంబానికి భీమిలి తీర యాత్ర సమయ పట్టిక తయారు చేయండి.

III. అభ్యాసం: మీ ఊరికి దగ్గరలోని ఏదైనా పట్టణాన్ని ఎంచుకోండి. ‘ఈ పట్టణం ఇక్కడ ఎందుకు ఉంది?’ అనే ప్రశ్నకు ముందు జవాబు రాయండి. ఆ జవాబును చూపించగల నాలుగు స్థలాలతో ఒక రోజు యాత్రను రూపొందించి, సంపర్క తరగతిలో మీ కౌన్సెలర్‌కు చూపించండి.