ఒకే పుట – అనేక భాషలు

రైల్వేస్టేషన్‌లో ఊరి పేరు తెలిపే పలకను మనమందరం చూసి ఉంటాం. తెలుగునాట ఆ పలకపై ఒకే పేరు తెలుగు, హిందీ, ఇంగ్లీషు లిపులలో కనిపిస్తుంది. ప్రయాణికుడు తనకు తెలిసిన లిపిలో చదువుకుంటాడు. ప్రజలకు చేరవలసిన మాట వారి భాషలోనే ఉండాలన్న ఎరుక మనకు కొత్తది కాదు. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీ ప్రభువుల కాలంలో పారసీకంతోపాటు తెలుగులోనూ ఫర్మానాలు వెలువడ్డాయి. అయితే పలకపై మూడు పేర్లు పట్టవచ్చుగాని, ఒక పుటలోని సమాచారమంతటినీ మూడు భాషలలో ఒకేచోట ఉంచితే చదువరికి గందరగోళమే మిగులుతుంది. అందుచేత అంతర్జాలంలో ఒక్కొక్కసారి ఒక్కొక్క భాషను మాత్రమే చూపి, తక్కిన భాషలకు దారి చూపే ఏర్పాటు అవసరమైంది. దానినే భాషల ఎంపిక మీట అనవచ్చు.

ఈ మీట నొక్కగానే కంప్యూటర్ అప్పటికప్పుడు అనువాదం చేస్తుందని కొందరు భావిస్తారు. సాధారణంగా జరిగేది అది కాదు. వెబ్‌సైట్‌ను రూపొందించేవారు తెరపై కనిపించే మాటలన్నింటినీ ప్రోగ్రాం నుండి వేరుచేసి, ప్రతి మాటకూ ఒక గుర్తు ఇస్తారు. భాషకొక పట్టిక తయారుచేస్తారు. ఒకే గుర్తుకు ఇంగ్లీషు పట్టికలో ‘సబ్మిట్’ అని, తెలుగు పట్టికలో ‘సమర్పించండి’ అని ఉంటుంది. చదువరి ఎంచుకొన్న భాషను బట్టి ప్రోగ్రాం ఆ పట్టికలోని మాటను తెరపైకి తెస్తుంది. తెలుగు పట్టికలో ఏదైనా మాట లోపించినప్పుడు దాని స్థానంలో మూలభాషలోని మాటను చూపడం పరిపాటి. తెలుగు పుటలలో నడుమనడుమ ఇంగ్లీషు మాటలు తొంగిచూడటానికి ఇది ఒక ముఖ్య కారణం.

అక్షరాల విషయంలోనూ ఒక ఒప్పందం కావాలి. పూర్వం ఒక్కొక్క ఫాంటు ఒక్కొక్క సంకేత పద్ధతిని అనుసరించేది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగు పాఠం అర్థంలేని గుర్తులుగా మారిపోయేది. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం తొలి కూర్పులోనే తెలుగు లిపికి చోటు లభించింది. అందులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. యూనికోడ్ వాడుక వ్యాపించిన కొద్దీ ఈ చిక్కు తొలగిపోయింది.

మరి మొదట ఏ భాషను చూపాలి? చదువరి బ్రౌజర్‌లో ఏ భాషలు కోరుకొన్నదీ ఆ బ్రౌజరే వెబ్‌సైట్‌కు తెలుపుతుంది. కాని నెట్ సెంటర్‌లోని కంప్యూటర్ దానిముందు కూర్చున్న ప్రతివారి అభిరుచినీ ఎరుగదు. ఊరిని బట్టి భాషను నిర్ణయించడమూ తగదు. బెంగళూరులో ఉన్నవారందరూ కన్నడమే చదువుతారని చెప్పలేం. కాబట్టి యంత్రానిది ఊహ మాత్రమే, నిర్ణయం చదువరిది. ఒకసారి చేసిన ఎంపికను గుర్తుంచుకోవడం వెబ్‌సైట్ బాధ్యత.

మీటపై భాష పేరును ఆ భాష లిపిలోనే రాయాలి. తెలుగు మాత్రమే చదవగలిగినవారు ఇంగ్లీషు లిపిలో ఉన్న తమ భాష పేరును గుర్తించలేరు. పేరుకు బదులు జాతీయ పతాకాన్ని ఉంచడమూ సరికాదు. పతాకం దేశానికి చిహ్నం. మన రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోనే 22 భాషలు ఉన్నాయి. ఈ విషయంలో వికీపీడియా మంచి ఉదాహరణ. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాతో సహా అన్ని భాషల పేర్లూ అందులో సొంత లిపులలోనే కనిపిస్తాయి. పైగా భాష మార్చినప్పుడు చదువరి మొదటి పుటకు కాక, ఆ భాషలో అదే విషయంపై ఉన్న వ్యాసానికి చేరుకొంటాడు.

మాటలు మార్చినంత మాత్రాన భాష మారదు. ఇంగ్లీషులో ‘నుండి’ అనే అర్థమిచ్చే పదం ఊరి పేరుకు ముందు వస్తుంది. ఆ వరుసలోనే ముక్కలను అతికితే ‘నుండి వరంగల్లు’ అన్న వికృతరూపం ఏర్పడుతుంది. అందుకే విడి మాటలను కాక పూర్తి వాక్యాలను అనువాదకునికి ఇవ్వాలి. మన వత్తులు, గుడులు తెగిపోకుండా పంక్తుల నడుమ తగినంత ఎడం ఉండాలి. తెలంగాణలో 2017లో రాష్ట్రమంతటా ద్వితీయ అధికార భాష అయిన ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగుతుంది. ఆ భాషను ఎంచుకొన్నప్పుడు పుట అమరికయే తారుమారు కావాలి.

ఇవి చిన్న విషయాలుగా తోచవచ్చు. పింఛను కోసం దరఖాస్తు నింపుతున్న ఒక వృద్ధురాలిని ఊహించండి. సగం నింపిన తరువాత ఆమె తెలుగు మీట నొక్కితే, అంతవరకు రాసినదంతా చెరిగిపోయిందనుకొందాం. ఆమె మళ్ళీ దళారిని ఆశ్రయిస్తుంది. తనకు హక్కుగా రావలసిన దానికి రుసుము చెల్లిస్తుంది. 1966లో చట్టం తెలుగును అధికార భాషగా చేసింది. ఆ చట్టం ఫలితం నేడు ఆ వృద్ధురాలికి అందడం ఒక మీట సరిగా పనిచేయడంపైన కూడా ఆధారపడి ఉంది.

2011 జనగణన ప్రకారం మనదేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్లు. వారికోసం వెబ్‌సైట్‌లను రూపొందించవలసినవారిలో రేపు మీరూ ఉండవచ్చు. ఆ పనికి యంత్రజ్ఞానం ఎంత అవసరమో, ఏ విభక్తి ఎక్కడ నిలుస్తుందో తెలియడమూ అంతే అవసరం.