ఆట నియమాల్లో భూతాపం

వాతావరణ మార్పును జనానికి అర్థమయ్యేలా చెప్పడంలో ప్రధానమైన చిక్కు ఏమిటంటే, అందులో చేసిన పనికీ దాని ఫలితానికీ మధ్య ఎడం చాలా ఎక్కువ. బొగ్గు ఒకచోట మండుతుంది, సముద్రం మరొకచోట ఊరి మీదికి వస్తుంది. ఈ రోజు పొగగొట్టం నుంచి వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం వందల ఏళ్ల పాటు గాలిలోనే ఉండిపోతుంది గనుక, దాని బరువు మోయవలసినవారిలో చాలామంది ఇంకా పుట్టనే లేదు. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న స్థాయి కంటే సుమారు 1.55 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ. ఈ అంకె చదివినవారికి అది పెద్దదో చిన్నదో తోచదు, ఎందుకంటే మధ్యాహ్నానికీ సాయంత్రానికీ మధ్య అంతకంటే ఎక్కువ తేడాను ఒళ్లు రోజూ ఎరుగుతూనే ఉంటుంది. వ్యాసమైనా ఉపన్యాసమైనా ఆ ఎడాన్ని వర్ణించి ఊరుకోవలసిందే. వీడియో గేమ్‌కు మాత్రం వందేళ్ల కాలాన్ని ఒక సాయంత్రంలోకి కుదించి, పొగ వదిలిన చేతులకే దాని ఫలితాన్నీ అందించే వీలు ఉంది. మూడున్నర దశాబ్దాలుగా కొందరు ఆటల రూపకర్తలు ఈ వీలును నమ్ముకునే పనిచేస్తూ వచ్చారు.

ఆట తన మాటను నియమాల ద్వారా చెబుతుందన్న సంగతి తెలుగువారికి కొత్త కాదు. వైకుంఠపాళి పటంలో పాము నోటి దగ్గర ఒక పాపం పేరు, నిచ్చెన మొదట్లో ఒక పుణ్యం పేరు రాసి ఉంటాయి. పిల్లలు ఆ పేర్లు చదివినా చదవకపోయినా, పైవరస దాకా ఎక్కినవాడు ఒక్క పందెంతో అట్టడుగుకు జారిపోవడం చూసినప్పుడు ఆ పటం చెప్పదలచుకున్నది వాళ్ల మనసుకు ఎక్కుతుంది. అమెరికన్ పండితుడు ఇయన్ బోగోస్ట్ 2007లో వెలువరించిన ‘పర్సుయేసివ్ గేమ్స్’ అనే గ్రంథంలో ఈ శక్తిని ‘ప్రొసీజరల్ రెటరిక్’ అన్నాడు. మాటతోనో బొమ్మతోనో కాక, ఒక ప్రక్రియను జరిపించి ఒప్పించే విద్య అని దాని అర్థం. కాబట్టి వాతావరణం గురించిన ఆటను తూచేటప్పుడు తెర మీద ఎన్ని నీతివాక్యాలు కనిపించాయన్న దానికంటే, ఆ ఆట ఆడేవారిని ఎవరి పీట మీద కూర్చోబెట్టింది, వారి చేతికి ఏ అధికారం ఇచ్చింది, తప్పు చేస్తే ఎవరి చేత చెల్లింపజేసింది అన్నవే ముఖ్యమవుతాయి.

1990లో వచ్చిన రెండు ఆటలు ఈ దారికి తొలి గుర్తులు. క్రిస్ క్రాఫర్డ్ రూపొందించిన ‘బ్యాలెన్స్ ఆఫ్ ది ప్లానెట్’లో ఆడేవారు ప్రపంచ పర్యావరణానికి పెద్ద అధికారి; పన్నులు వేయడం, రాయితీలు ఇవ్వడం మాత్రమే వారి చేతిలో ఉన్న సాధనాలు. అదే సంవత్సరం మ్యాక్సిస్ సంస్థ నుంచి విల్ రైట్ రూపొందించిన ‘సిమ్ ఎర్త్’ వచ్చింది. భూమి మీది జీవరాశి, గాలి, నేల, సముద్రం కలిసి తమను తాము సర్దుకునే ఒకే వ్యవస్థ అని చెప్పే ‘గాయా’ సిద్ధాంతానికి కర్త అయిన జేమ్స్ లవ్‌లాక్ దీనికి సలహాదారుగా ఉన్నాడు. లవ్‌లాక్, ఆండ్రూ వాట్సన్ కలిసి 1983లో ప్రతిపాదించిన ‘డైసీవరల్డ్’ అనే ఊహాగ్రహాన్ని కూడా ఇందులో ఆడవచ్చు. ఆ గ్రహం మీద డైసీ పూల మొక్కలే పెరుగుతాయి. నల్ల పూలు వేడిని పీల్చుకుంటాయి, తెల్ల పూలు దాన్ని వెనక్కి తిప్పికొడతాయి. సూర్యుడు చల్లగా ఉన్నప్పుడు నల్లవి అలుముకుని నేలను వెచ్చబరుస్తాయి, సూర్యుడు వేడెక్కేకొద్దీ తెల్లవి విస్తరించి చల్లబరుస్తాయి. చాలాకాలం అంతా నిలకడగా ఉన్నట్టే కనిపిస్తుంది, అయితే ఒక హద్దు దాటిన తరువాత తెల్ల పూలు కూడా తట్టుకోలేక చనిపోవడంతో అంతవరకూ ఆగి ఉన్న వేడి ఒక్కసారిగా మీద పడుతుంది. ప్రకృతి సర్దుకుంటుందిలే అన్న ధీమా ఎంతవరకు చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో ఇంత సూటిగా చూపిన ఉదాహరణ అరుదు.

వాతావరణ విజ్ఞానాన్ని పూర్తిగా తలకెత్తుకున్న ఆట 2011లో బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రెడ్ రిడెంప్షన్ సంస్థ తెచ్చిన ‘ఫేట్ ఆఫ్ ది వరల్డ్’. అంతకు కొన్నేళ్ల ముందు బీబీసీ కోసం ‘క్లైమేట్ చాలెంజ్’ అనే చిన్న ఆటను తయారుచేసిన ఆ సంస్థ, ఈసారి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మైల్స్ ఆలెన్ సలహాతో, శాస్త్రీయమైన వాతావరణ నమూనా మీద ఆటను నిలబెట్టింది. వాతావరణ నమూనా అంటే ఎంత వాయువు వెలువడితే ఎంత వేడి పెరుగుతుందో, ఆ వేడి వర్షాన్నీ పంటనూ సముద్రాన్నీ ఎలా మారుస్తుందో లెక్కగట్టే గణిత వ్యవస్థ. ఆడేవారు 2020లో ఒక ప్రపంచ పర్యావరణ సంస్థకు అధిపతిగా బాధ్యత తీసుకుంటారు. లోకమంతా 12 ప్రాంతాలుగా విడిపోయి ఉంటుంది. ఒక్కో ప్రాంతంలో ప్రతినిధులను నియమించి, వారి చేత కార్డుల రూపంలో ఉన్న విధానాలను అమలు చేయించాలి. ఒక్కో విడత పూర్తయ్యేసరికి అయిదేళ్లు గడిచిపోతాయి.

ఈ ఆటలో నొప్పి కలిగించేదేమిటంటే, మంచి పనులు ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. పేద ప్రాంతాల బతుకు బాగుపడాలంటే విద్యుత్తు కావాలి, విద్యుత్తు పెరిగితే పొగ పెరుగుతుంది. పొగ తగ్గించబోతే ఉపాధి పోయిన జనం తిరగబడతారు, వారి ఆదరణ అడుగంటితే సంస్థనే ఆ ప్రాంతం నుంచి వెళ్లగొడతారు. మొదటి విడతల్లో అన్నీ చక్కగా చేశామనుకున్నవారికి నాలుగైదు దశాబ్దాలు గడిచాక కరవులూ యుద్ధాలూ వార్తలుగా రావడం మొదలవుతుంది, అప్పటికి వెనక్కి తిప్పగలిగే విడతలు మిగలవు. భూతాపాన్ని కావాలని పెంచమని ఆడేవారిని అడిగే ‘డాక్టర్ అపోకలిప్స్’ అనే ఘట్టాన్ని కూడా రూపకర్తలు ఇందులో పెట్టారు. చెడగొట్టడం ఎంత సులువో చేతులారా చేసి తెలుసుకున్నవారికి బాగుచేయడంలోని కష్టం మరింత స్పష్టమవుతుంది గనుక ఆ నిర్ణయం సాహసమే అయినా సబబైనదే.

ఇటువంటి ఆటలను వెతుక్కుని ఆడేవారు అప్పటికే ఆ విషయం మీద శ్రద్ధ ఉన్నవారై ఉంటారన్నది నిజమైన పరిమితి. అందుకే కోట్ల మందికి పరిచయమైన ‘సివిలైజేషన్’ వరుసలో, 2019 ఫిబ్రవరిలో ‘గ్యాదరింగ్ స్టార్మ్’ అనే విస్తరణకు వాతావరణ మార్పు ప్రధానాంశం కావడం ప్రత్యేకంగా చెప్పుకోదగిన సంగతి. ఒక జాతిని ఆదిమ కాలం నుంచి అంతరిక్ష యుగం దాకా నడిపించే ఈ ఆటలో, తీరాన ఉన్న పల్లపు గడుల మీద 1, 2, 3 మీటర్లు అని ముందే గుర్తులు కనిపిస్తాయి. సముద్రం ఎంత పెరిగితే ఏ గడి మునుగుతుందో వాటి భావం. ఆట మధ్యకాలం వచ్చేసరికి బొగ్గు, చమురు కేంద్రాలు కట్టనివాడు వెనకబడతాడు, కట్టినవాడు ముందుకు పోతాడు, అందరూ కట్టేసరికి ధ్రువాల మంచు కరిగి ఆ పల్లపు గడులు మొదట వరదలో చిక్కి, ఆపైన శాశ్వతంగా నీటిలో కలిసిపోతాయి. అడ్డుగోడ కట్టుకోవచ్చు గానీ దానికి కంప్యూటర్ల కాలపు సాంకేతిక జ్ఞానం కావాలి, పైగా సముద్రమట్టం పెరిగేకొద్దీ గోడ ఖర్చూ పెరుగుతుంది. ఒక్క కర్మాగారం కూడా కట్టని జాతి ఊళ్లు కూడా పొరుగువాళ్ల పొగకు మునిగిపోతాయి. ఇది అన్యాయమని ఆట ఎక్కడా అనదు, ఆడుతున్నవారే అనుకుంటారు.

అయితే ఇంతవరకు చెప్పుకున్న ఆటలన్నిటిలోనూ ఒక సామాన్య లోపం ఉంది. అన్నీ ఆడేవారిని సింహాసనం మీదనే కూర్చోబెడతాయి. భూగోళం మొత్తాన్ని పైనుంచి చూస్తూ ఆజ్ఞలు జారీచేసే వ్యక్తి వాస్తవంలో ఎక్కడా లేడు; ఆట చెడిపోతే పాత దశకు తిరిగి వెళ్లే వెసులుబాటు భూమికి అంతకంటే లేదు. ఈ లోపాన్ని గట్టిగా పట్టించుకున్న ఆట స్ట్రేంజ్ లూప్ గేమ్స్ సంస్థ 2018లో ఆడేవారికి అందుబాటులోకి తెచ్చిన ‘ఎకో’. ఇందులో పదుల సంఖ్యలో మనుషులు ఒకే లోకంలో ఇరుగుపొరుగువారిగా ఉంటారు. 30 రోజుల్లో ఒక ఉల్క వచ్చి ఢీకొంటుంది. దాన్ని పేల్చే లేజర్లు తయారు కావాలంటే గనులు, కొలుములు, విద్యుత్తు అన్నీ కావాలి. వాటి కోసం అడ్డూఅదుపూ లేకుండా తవ్వితే, ఉల్క రాకముందే అడవి అంతరించి, సముద్రం పెరిగి లోకం పాడవుతుంది. లోహం తీయగా మిగిలిన వ్యర్థాన్ని ఎక్కడ పడితే అక్కడ పారబోస్తే చుట్టూ నేల విషమై మొక్కలు ఎండిపోతాయి, అవి పొరుగువాడి పంట మొక్కలు కూడా కావచ్చు. అప్పుడు ఊరంతా కూడి, జంతువుల సంఖ్య, కాలుష్యం తెలిపే రేఖాచిత్రాలను ముందు పెట్టుకుని వాదించి, ఓటు వేసి చట్టం చేసుకోవాలి. ఒకసారి చట్టమయ్యాక దాన్ని ఆటే అమలు చేస్తుంది. వాతావరణ సమస్యలో విజ్ఞానం కంటే కష్టమైన భాగం మనుషులు ఒక మాట మీదికి రావడమేనన్న సంగతిని ఈ ఆట నియమంగా మార్చింది.

పీట మార్చిన ఆటలు మరికొన్ని ఉన్నాయి. స్పెయిన్‌లోని హీరోబీట్ స్టూడియోస్ 2022లో తెచ్చిన ‘ఎండ్లింగ్’లో ఆడేవారు చెడిపోయిన లోకంలో పిల్లల కడుపు నింపడానికి రాత్రుళ్లు తిరిగే తల్లి నక్క. దక్షిణాఫ్రికాకు చెందిన ఫ్రీ లైవ్స్ బృందం 2023లో తెచ్చిన ‘టెరా నిల్’ నగరాలు కట్టే ఆటల్ని తలకిందులు చేసింది. బండరాళ్ల మీద గాలిమరలు నిలిపి, ఆ విద్యుత్తుతో నేలలోని విషాన్ని తొలగించి, నీరు పెట్టి పచ్చిక మొలిపించాలి; ఆ పచ్చికలో కొంత భాగాన్ని హద్దులో ఉంచి కాలిస్తే వచ్చే బూడిద అడవికి పాదు అవుతుంది. అన్నీ అయ్యాక, తెచ్చి పెట్టిన ప్రతి యంత్రాన్నీ విప్పి, ఎగిరే ఓడలో వేసుకుని వెళ్లిపోవాలి. తాను కట్టినదాన్ని తానే తీసివేసి ఖాళీ నేలను విడిచిపెట్టడంలో గెలుపు ఉంటుందని ఆడినవారి చేతులకు తెలియజేయడం సామాన్యమైన నేర్పు కాదు.

ఇటువంటి ఆటను తయారుచేసేవారికి ఎదురయ్యే గట్టి సమస్య కాలం. ఫలితం వెంటనే కనిపిస్తే ఆడేవారికి పాఠం అందుతుంది గానీ ప్రకృతి తీరు తప్పుగా అర్థమవుతుంది. నిజంలో ఉన్నంత ఆలస్యంగా చూపిస్తే, ఏ పనికి ఏది ఫలితమో వారికి తెలియకుండా పోతుంది. రెండో సమస్య నిరాశ. ఎలా ఆడినా ఓటమే అయితే ఆట మూసేస్తారు, సులువుగా గెలిస్తే అసలు సమస్యా సులువనుకుంటారు. ప్రాగ్‌లోని చార్లెస్ గేమ్స్ 2023లో ఉచితంగా విడుదల చేసిన ‘బీకార్బనైజ్’ ఈ రెండిటినీ చిన్న ఆటలో బాగా సర్దింది. పరిశ్రమ, జీవావరణం, విజ్ఞానం, ప్రజలు అనే నాలుగు రంగాల్లో కార్డులు పరుచుకుంటూ పోతుంటే వెలువడిన వాయువు ఒక గీతగా పెరుగుతూ ఉంటుంది, ఆ గీతతోపాటే విపత్తులూ తీవ్రమవుతాయి. ఓడినా మరోసారి మొదలుపెట్టడానికి ఎక్కువ సమయం పట్టదు.

ఆటలకున్న విస్తృతిని ఐక్యరాజ్యసమితి కూడా గుర్తించింది. దాని అభివృద్ధి కార్యక్రమం 2020లో ‘మిషన్ 1.5’ అనే ఫోన్ ఆటను విడుదల చేసింది; తరువాత జనం రోజూ ఆడే ఫోన్ ఆటల మధ్య వచ్చే ప్రకటనల చోటులోనే ప్రశ్నలు ఉంచి, 50 దేశాల్లో 12 లక్షల మంది అభిప్రాయాలు సేకరించింది. 2021 జనవరిలో వెలువడిన ఆ ఫలితాల్లో 64 శాతం మంది వాతావరణ మార్పును అత్యవసర పరిస్థితిగా భావించారు. సాధారణ సర్వేలకు చిక్కని 18 ఏళ్లలోపువారు ఇందులో అయిదు లక్షలకు పైగా ఉండటం ఆ దారి మహిమే.

వీటన్నిటి నడుమ విస్మరించకూడని ప్రశ్న ఒకటి ఉంది. ఆటలు కూడా విద్యుత్తు మీదే నడుస్తాయి. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల పరిశోధకుల 2019 నాటి అంచనాలో, ఆ ఒక్క దేశంలోనే వీడియో గేమ్‌ల కోసం ఏటా 34 టెరావాట్ అవర్లు, అంటే 3,400 కోట్ల యూనిట్ల విద్యుత్తు ఖర్చయ్యేది. ఆస్ట్రేలియా పరిశోధకుడు బెన్ ఏబ్రహమ్ 2022లో ప్రచురించిన గ్రంథంలో, ఆడేవారి మనసు మార్చడం కంటే పరిశ్రమ తన ఉద్గారాలను తగ్గించుకోవడమే ముందు జరగాలని వాదించాడు. ఆ వాదనలో బలం ఉంది. ఎక్స్‌బాక్స్ అనే ఆటల యంత్రం నిద్రాణ స్థితిలో 10 నుంచి 15 వాట్లు తీసుకుంటే, పూర్తిగా ఆపే స్థితిలో 0.5 వాట్ మాత్రమే తీసుకుంటుంది. 2023లో ఆ యంత్రాల అమరికను ఈ రెండో స్థితికి మార్చడం అన్నది ఏ సందేశమూ లేకుండానే జరిగిన మేలు. అయినా ఉద్గారాలు తగ్గిస్తే సందేశం చెప్పడం మానుకోవాలన్న నియమం ఎక్కడా లేదు.

ఇక మన దేశం సంగతికి వస్తే, గేమ్ రూపకర్తల ప్రధాన సమావేశం చాలా ఏళ్లు హైదరాబాద్‌లోనే జరిగింది. ఆటల తయారీలో ఆరితేరిన చేతులు ఆ నగరంలో ఉన్నాయి. వారికి వస్తువు కోసం దూరం వెళ్లవలసిన పని లేదు. కాకినాడ సమీపంలోని ఉప్పాడ తీరాన్ని సముద్రం ఏళ్ల తరబడి కోస్తూ వస్తోంది. తుపాను వచ్చిన ప్రతిసారీ తీరపు రోడ్డు దెబ్బతింటుంది, ఇసుక నింపిన భారీ గొట్టాలతో కట్టిన జియోట్యూబ్ గోడ కూడా అలలకు నిలవలేదు. పెరిగే సముద్రమట్టంతోపాటు, ఎగువ ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి నది తెచ్చే మట్టి తగ్గడం గోదావరి తీరానికి చేటు చేస్తోందని పరిశోధకులు చెబుతారు. ఈ తీరాన్ని ఆటగా మలచేవారు ఆడేవారిని మంత్రి పీట మీద కాక, పడవ ఉన్న ఒక మత్స్యకార కుటుంబంలో కూర్చోబెట్టవచ్చు. ఒక చోట రాళ్లు పోస్తే కోత పక్క ఊరికి జరుగుతుందన్న నియమం ఉండాలి, పైన నీళ్లు ఆపుకున్న రైతుకూ కింద ఇల్లు కోల్పోయిన జాలరికీ ఒకే పటం మీద చోటుండాలి, ఇల్లు ఎప్పుడు వదలాలో, పడవను ఎక్కడ కట్టుకోవాలో ప్రతి వానకాలానికి ముందు ఆ కుటుంబమే తేల్చుకోవాలి.